డెఫ్ జామ్ కుస్తీ వీడియో ఆటలు

న్యూయార్కు నగరపు పేద పేటలలో నల్లజాతి యువజనుల వాక్కునుండియు, లయనుండియు జనించిన హిప్ హాప్ కళను, అమెరికా దేశమంతట వేడుకగా ప్రదర్శింపబడు వృత్తి మల్లయుద్ధమును ఒక్క రంగస్థలము మీదికి చేర్చి, 2003 మొదలు 2007 వరకు నాలుగు వీడియో ఆటలు వెలువడినవి. వీనికి డెఫ్ జామ్ అను రికార్డు కంపెనీ తన పేరును, తన గాయకుల రూపములను, కంఠములను, పాటలను ఒసగగా, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అను ప్రసిద్ధ సంస్థ వీనిని ప్రచురించెను. ‘డెఫ్ జామ్ వెండెట్టా’ (2003), ‘డెఫ్ జామ్: ఫైట్ ఫర్ న్యూయార్క్’ (2004), చేతిలో ఇమిడిపోవు యంత్రము కొరకు దాని నుండి తీర్చిన ‘ది టేకోవర్’ (2006), ‘డెఫ్ జామ్: ఐకాన్’ (2007) అనునవి వాని నామములు. వీనిలో మొదటి రెండును నేటికిని ఆటగాండ్ర ఆదరమునకు పాత్రములై యుండగా, చివరిది అంతకంటె బలవత్తరమైన యంత్రముల సాహాయ్యము పొందియు వారి మనస్సులందు నిలువలేకపోయెను. ఈ తారతమ్యమునకు హేతువును గాయకుల కీర్తియందు గాక, ఆటలోని కుస్తీ పట్టులయందే వెదకవలసి యున్నది.

హిప్ హాప్ పుట్టుకకు 1973 ఆగస్టు 11వ తేదీని గుర్తుగా చెప్పుట పరిపాటి. ఆనాడు బ్రాంక్స్ పేటలో, సెడ్జ్‌విక్ ఎవెన్యూ 1520వ నంబరు భవనమున, జమైకానుండి వలసవచ్చిన క్లైవ్ క్యాంప్‌బెల్ అను యువకుడు తన సోదరి ఏర్పాటుచేసిన వేడుకలో రికార్డులు వినిపించెను. కూల్ హెర్క్ అను పేర ప్రసిద్ధుడైన ఇతడు, పాటలో గాత్రమాగి వాద్యములు మాత్రము మ్రోగు కొలదిపాటి భాగమును, ఒకే రికార్డు యొక్క రెండు ప్రతులను ప్రక్కప్రక్కన త్రిప్పుచు దీర్ఘముగా సాగదీయు విధానమును వృద్ధిపరచెను. ఆ లయకు నర్తించువారు, దానిపై ప్రాసబద్ధముగా పలుకువారు, రికార్డులు త్రిప్పువారు, గోడలపై రంగులతో వ్రాయువారు, అందరును తమ తమ విద్యలలో ఒండొరులతో స్పర్ధించుచునే పెరిగిరి. ‘బ్యాటిల్’ అని వారు పిలుచుకొను ఈ స్పర్ధయే హిప్ హాప్‌నకు ప్రాణవాయువు. 1981 డిసెంబరులో హార్లెం వరల్డ్ అను నృత్యశాలయందు, సభను నవ్వించుటలో దిట్టయైన బిజీ బీ అను కళాకారుని మీద కూల్ మో డీ విసరిన పద్యపరంపర, ర్యాప్ చరిత్రలో నేటికిని చెప్పుకొనబడు ఘట్టము. కేవలము సభారంజనము చాలునన్న కాలము ఆ రాత్రితో ముగిసి, పదసంపదతో ప్రత్యర్థిని నిలువరించుట ర్యాపర్‌కు ప్రధాన ధర్మమయ్యెను. మీసములు పెంచి, తమ్ము గెలిచినవారి యెదుట వానిని తీసివేయుదుమని సాటికవులను సవాలుచేసిన తిరుపతి వేంకటకవుల నెరిగిన తెలుగు పాఠకునకు ఈ ధోరణి యందలి రుచిని వేరుగ వివరింప నక్కరలేదు.

వృత్తి మల్లయుద్ధమునకును ఈ వాగ్యుద్ధమునకును నడుమ చుట్టరికము పైపైని కల్పించినది కాదు. ఆ మల్లయుద్ధమున జయాపజయములు ముందుగనే నిర్ణయింపబడి యుండును. కనుక ప్రేక్షకుని ఆకర్షించునది ఫలితము గాక, మల్లుడు తాల్చిన పాత్ర, అతడు మైకు పట్టుకొని పలుకు ప్రగల్భములు, నాయకునకును ప్రతినాయకునకును నడుమ వారములతరబడి రగులు వైరము. 1961లో లాస్ వెగాస్ నగరమున గోర్జియస్ జార్జ్ అను మల్లుడు తన అందమును, బలమును తానే పొగడుకొనుచు జనులను రెచ్చగొట్టి శాలను నింపుకొనుట చూచి, నాటికి క్యాషియస్ క్లే అను పేరుగల మహమ్మద్ ఆలీ ఆ విద్యను తాను గ్రహించెను. ఆలీ తన పోటీలకు ముందు ప్రాసలతో పలికిన బెదిరింపులను ర్యాప్ కళకు పూర్వరూపములుగా ఎందరో హిప్ హాప్ కళాకారులు గౌరవించుదురు. ఇట్లు మల్లరంగము నుండి బయలుదేరిన ఆత్మస్తుతి బాక్సింగు వరుస గుండ నడచి, హిప్ హాప్‌ను చేరి, కాలక్రమమున తిరిగి మల్లరంగమునకే వచ్చెను. 1999లో మాస్టర్ పి అను ర్యాపర్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ రెజ్లింగ్ వేదికపైకి తన పరివారముతో అరుదెంచెను. 2000లో వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ మల్లుల ప్రవేశగీతములను ర్యాపర్లచే పాడించి ఒక ఆల్బమును వెలువరించెను. 2002 చివరనుండి జాన్ సీనా ర్యాపర్ వేషము తాల్చి, ప్రత్యర్థులను ప్రాసలతో ఎగతాళి చేయుచు ప్రసిద్ధికెక్కెను. డెఫ్ జామ్ ఆటల రూపకల్పన సరిగా ఈ వాతావరణముననే జరిగినది.

డెఫ్ జామ్ కంపెనీ చరిత్ర సుప్రసిద్ధమే గనుక సంగ్రహముగా చెప్పిన చాలును. 1984లో రిక్ రూబిన్ అను విద్యార్థి న్యూయార్కు విశ్వవిద్యాలయపు వసతిగృహములోని తన గదినే కార్యాలయముగా చేసికొని, రస్సెల్ సిమ్మన్స్‌తో జతకూడి దానిని నడిపెను. ఎల్ఎల్ కూల్ జె, పబ్లిక్ ఎనిమీ వంటి వారి రికార్డులు ఆ ముద్రతో వెలువడినవి. 1986లో వెలువడిన బీస్టీ బాయ్స్ బృందపు తొలి ఆల్బము, 1987లో బిల్‌బోర్డు ఆల్బముల పట్టికలో ప్రథమస్థానము నందిన మొట్టమొదటి ర్యాప్ ఆల్బమయ్యెను. రెండువేల సంవత్సరము నాటికి ఆ కంపెనీకి ప్రధాన బలము డీఎంఎక్స్. 1998 అను ఒక్క సంవత్సరముననే అతని రెండు ఆల్బములు పట్టిక అగ్రమున ప్రవేశించినవి. కుక్క అరుపులను తలపించు అతని బొంగురు గొంతు, ప్రార్థనకును ఆగ్రహమునకును నడుమ ఊగిసలాడు అతని స్వభావము, మల్లరంగమునకు తగిన మూర్తిని అతనియందు ముందుగనే తీర్చి యుంచినవి.

ర్యాపర్లను ద్వంద్వయుద్ధపు ఆటలో దింపిన తొలి ప్రయత్నము మాత్రము డెఫ్ జామ్ వారిది కాదు. 1999లో ప్యారడాక్స్ డెవలప్‌మెంట్ వారు ‘వు-టాంగ్: షావోలిన్ స్టైల్’ అను ఆటను ప్లేస్టేషన్ కొరకు నిర్మించిరి. దాని జన్మవృత్తాంతము విచిత్రమైనది. అదే నిర్మాతలు అంతకుముందు ‘థ్రిల్ కిల్’ అను మిక్కిలి క్రూరమైన ఆటను సిద్ధముచేసి యుండగా, దాని హక్కులు సంక్రమించిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ, ఇంతటి హింసను తాము ప్రచురింపజాలమని 1998లో దానిని నిలిపివేసెను. నలుగురు ఒకేసారి పోరాడుటకు వీలైన ఆ యంత్రాంగమే వేషము మార్చుకొని వు-టాంగ్ అను ర్యాప్ బృందమునకు దక్కెను. అందు పోరాడిన మెథడ్ మ్యాన్, గోస్ట్‌ఫేస్ కిల్లా అనువారే నాలుగేండ్ల పిమ్మట డెఫ్ జామ్ ఆటలలోను దర్శనమిచ్చిరి.

ఇక మల్లయుద్ధపు పక్షమున జరిగిన కథ ఇట్టిది. 1997 నుండి 2000 వరకు జపాను దేశపు ఏకీ కార్పొరేషన్ అను సంస్థ నింటెండో 64 యంత్రమునకు కుస్తీ ఆటల నొక పరంపరగా నిర్మించెను. వీనిని అమెరికాలో టీహెచ్‌క్యూ సంస్థ ప్రచురించెను. 2000లో వచ్చిన ‘నో మెర్సీ’ ఆ వరుసకు శిఖరమని రసికుల అభిప్రాయము, నాయభిప్రాయమును అదియే. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారు వరల్డ్ ఛాంపియన్‌షిప్ రెజ్లింగ్ అనుమతితో 1999లోను, 2000లోను రెండు ఆటలు విడుదల చేసిరి గాని అవి ఏకీ వారి పనితనమునకు సరితూగలేదు. 2001 మార్చిలో ఆ మల్లసంస్థను దాని ప్రత్యర్థియే కొనివేయుటతో, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారికి మల్లులే లేకపోయిరి. మల్లులు లేని సంస్థకును, మల్లవిద్య నెరిగిన నిర్మాతలకును పొత్తు కుదిరి, ఆ ఖాళీని ర్యాపర్లు పూరించిరి. ‘ఎస్ఎస్ఎక్స్’, ‘ఎన్‌బీఏ స్ట్రీట్’ వంటి ఆటలతో క్రీడలకు వీథి వేషమును, అతిశయోక్తిని అలవరచిన ‘ఈఏ స్పోర్ట్స్ బిగ్’ అను శాఖ ఈ క్రొత్త ఆటకును ఆశ్రయమయ్యెను. కెనడాలోని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ నిర్మాతలును ఏకీ వారును కలిసి దీనిని తీర్చిదిద్దిరి.

ఏకీ వారి విధానమును ఇచట కొంత విస్తరముగా చెప్పవలెను. ఏలయన ఈ ఆటల గుణము సమస్తమును అందే ఇమిడి యున్నది. సాధారణమైన ద్వంద్వయుద్ధపు ఆటలలో ఆటగాడు దూరమునుండి గుద్దులు, తన్నులు విసరుచు, క్లిష్టమైన బటనుల వరుసలను కంఠస్థము చేయవలసి యుండును. ఏకీ వారి ఆటలలో సర్వమును పట్టునుండి మొదలగును. పట్టు బటనును తట్టి వదలినచో తేలిక పట్టు, కొంచెముసేపు నొక్కి యుంచినచో గట్టి పట్టు చిక్కును. పట్టు చిక్కిన పిమ్మట ఏ దిక్కునకు మీటను త్రిప్పి ఏ బటనును నొక్కిన, దానికి తగిన విసరుడో, మెడ మెలికయో, నడుము విరుపో జరుగును. గట్టి పట్టునకు కాలము ఎక్కువ పట్టును గనుక చురుకైన ప్రత్యర్థి దానిని భగ్నము చేయవచ్చును; తేలిక పట్టు త్వరగా చిక్కును గాని గాయము స్వల్పము. నేర్చుకొనవలసినవి రెండు మూడు సూత్రములే యైనను, వాని సంయోగములు డజనుల కొలది. చిన్నపిల్లవాడు మొదటి గంటలోనే ఆడగలుగును, అనుభవశాలి కొన్ని ఏండ్ల పిమ్మటను క్రొత్త మెలకువ కనుగొనును. వీనికి తోడు పోరాటపు ఊపును సూచించు కొలమానమొకటి కలదు. దెబ్బకొట్టినకొలది అది పెరుగును, తిన్నకొలది తరుగును; నిండినపుడు ఆ మల్లుడు తన కీర్తిపతాకమైన ప్రత్యేక ప్రహారమును ప్రయోగించుట కధికారి యగును. ఓడిపోవుచున్న నాయకుడు హఠాత్తుగా విజృంభించుట అను మల్లరంగపు నాటకీయత ఈ చిన్న కొలమానము మూలముననే ఆటలో ప్రతిఫలించినది.

2003 వసంతమున ప్లేస్టేషన్ 2, గేమ్‌క్యూబ్ యంత్రములకు విడుదలైన ‘వెండెట్టా’ ఈ విధానమును యథాతథముగా గ్రహించి, వేగమును పెంచి, దానిపై హిప్ హాప్ వస్త్రమును కప్పినది. అందు నిండిన కొలమానమునకు ‘బ్లేజిన్’ అని పేరు. ఆ స్థితిలో చిక్కిన ప్రత్యర్థిని గాలిలోనికి గిరగిర త్రిప్పి నేలకు కొట్టుట మొదలగు, మానవదేహమునకు అసాధ్యములైన ప్రహారములను తెర నెమ్మదించి చూపును. తాళ్లు కట్టిన బరియే రంగస్థలము. వెల్లకిల పడద్రోసి మూడు లెక్కించువరకు అదిమి యుంచినను, అంగములను మెలిపెట్టి లొంగదీసినను, స్పృహ తప్పించినను జయము లభించును. డీఎంఎక్స్, మెథడ్ మ్యాన్, రెడ్‌మ్యాన్, లూడాక్రిస్, స్కార్‌ఫేస్, గోస్ట్‌ఫేస్ కిల్లా, కీత్ మర్రీ, జో బడెన్ మొదలగువారు స్వరూపములతో, స్వరములతో పోరాడుదురు. ఆనాటి ర్యాపర్లలో అగ్రగణ్యుడైన జే-జీ మాత్రము ఏ ఆటలోను బరిలోనికి దిగలేదు.

కథ సామాన్యమైనది. డీ-మాబ్ అను నేరసామ్రాట్టు రహస్యముగా నడుపు కుస్తీ పోటీలలో నాయకుడు ఒక్కొక్క ర్యాపర్‌ను ఓడించుచు మీదికి ఎగబ్రాకును. అతనిని విడిచి వెళ్లిన ప్రియురాలు ఏంజెల్ ఇపుడు డీ-మాబ్ ప్రక్కన నున్నది. డీ-మాబ్‌కు గాత్రదానము చేసినవాడు క్రిస్టఫర్ జడ్జ్. 2018లో ‘గాడ్ ఆఫ్ వార్’ ఆటయందు క్రేటోస్ పాత్రకు ప్రాణము పోసి విశ్వవిఖ్యాతుడైన అతని గంభీర కంఠము, పదునైదేండ్లకు ముందే ఇచట మ్రోగినది. ఈ కథాభాగమున నిజముగా ఖండింపదగినది స్త్రీపాత్రల చిత్రణము. వారు నాయకునికై తమలో తాము కలహించుదురు, గెలిచినదాని చిత్రములు ఆటగానికి బహుమతులగును. ర్యాప్ సంగీతమున లిల్ కిమ్, మిస్సీ ఎలియట్ వంటి స్త్రీలు పురుషులతో సరిసమానముగా నిలిచిన కాలముననే ఇట్టి చిత్రణము చేయుట ఆ కళకును న్యాయము చేయలేదు. మరుసటి ఆటలో లిల్ కిమ్ స్వయముగా కనిపించినను, ప్రియురాండ్ర కలహము అందును తొలగలేదు.

2004 సెప్టెంబరులో వెలువడిన ‘ఫైట్ ఫర్ న్యూయార్క్’ ఈ వరుసలో సర్వోత్తమము. పూర్వకథాంతమున పట్టుబడిన డీ-మాబ్‌ను పోలీసులు కొనిపోవుచుండగా, ఒకడు కారుతో వారి వాహనమును గ్రుద్ది అతనిని విడిపించుటతో ఇది ఆరంభమగును. ఆ విడిపించినవాడే ఆటగాడు. వాని రూపమును నిర్ణయించుటకు నిర్మాతలు పన్నిన ఉపాయము ప్రశంసింపదగినది: నేరస్థుని ఆనవాళ్లను పోలీసు చిత్రకారునకు చెప్పుచున్నట్లు కథ నడచుచుండగా, ముఖము, కన్నులు, మేనిచాయ, కంఠము అన్నియు ఆటగాడు ఎన్నుకొనును. మనిషిని తయారుచేయు విసుగైన పట్టికను కథలోని మొదటి రంగముగా మార్చిన ఈ నేర్పు, ఆ కాలపు ఆటలలో అరుదు. డీ-మాబ్‌కు ప్రతిగా క్రో అను మరియొక నాయకుడు నగరమును ఆక్రమింపజూచును. ఆ పాత్ర ధరించినవాడు స్నూప్ డాగ్. అతని తీరిక మాట, మెత్తని గొంతు, క్రౌర్యమునకు అరవకయే రూపము కల్పించినవి.

ఈ ఆటలో బరి తాళ్లు మాయమైనవి. సారాయి అంగడి వెనుకటి గది, టైర్ల దుకాణము, మోటారు గ్యారేజి, నూట యిరువదియైదవ వీథి భూగర్భ రైలుస్టేషను మొదలగునవి పోరాట స్థలములయ్యెను. గోడ, స్తంభము, కిటికీ, పట్టాలమీద దూసుకొనివచ్చు రైలు, అన్నియు ఆయుధములే. చుట్టు మూగిన జనులు కేవలము చూపరులు కారు. తమపైకి నెట్టబడినవానిని చేతులు పట్టి నిలిపి శత్రువునకు ఒప్పగింతురు, సీసాయో కర్రయో చేతికందింతురు. పహిల్వాన్ల పోటీని చుట్టునిలిచి చూచిన ఎవరికైనను, జనసమూహము పోరాటములో భాగస్వామి యగుట ఎంత సహజమో తెలియును. బ్యాటిల్ రాత్రులలో వలయముగా నిలిచి కేకలతో తీర్పు చెప్పు హిప్ హాప్ సభయు అట్టిదే. నిర్మాతలు దీనిని అలంకారముగా గాక ఆట నియమముగా చేసిరి. ఈ ఒక్క పనిచేత వారు హిప్ హాప్‌ను ఎంత సన్నిహితముగా గ్రహించిరో, వంద పాటలు చేర్చినను అంత తెలియదు.

పోరాట పద్ధతులు ఐదుగా విభజింపబడినవి: వీథిపోరు, కిక్ బాక్సింగు, మార్షల్ ఆర్ట్స్, కుస్తీ, లొంగుబాటు పట్టులు. ఆటగాడు ఒకదానితో మొదలిడి, క్రమముగా మూడింటివరకు కలిపి తనదైన శైలిని కూర్చుకొనవచ్చును. కుస్తీతో వీథిపోరు కలిపినవాని నడక వేరు, మార్షల్ ఆర్ట్స్‌తో కిక్ బాక్సింగు కలిపినవాని నడక వేరు. ప్రత్యర్థి బలము ఎంత క్షీణించినను మామూలు దెబ్బకు కూలడు; వానిని కూల్చుటకు శైలికి తగిన తుదిప్రహారమో, ఆయుధమో, పరిసరములోని గోడయో కావలెను. అందుచేత ప్రతి పోరాటమునకును ఒక ముగింపు ఘట్టము సహజముగా ఏర్పడును. వ్యాయామశాలలో శిక్షకుడుగా పంక్ గాయకుడు హెన్రీ రోలిన్స్ కనిపించును. నగలను అమ్మువాడు ర్యాపర్ల లోకమున ‘జాకబ్ ది జ్యువెలర్’ అని పిలువబడు అసలు వర్తకుడే. గెలిచిన ధనముతో కొనిన నగలు, దుస్తులు శోభకు మాత్రమే గాక, జనాకర్షణను పెంచి పోరాటపు ఊపును త్వరగా నింపుటకును తోడ్పడును. మెడలో గొలుసు ధరించినవాడు బలవంతుడగుట అసంగతముగా తోచవచ్చును గాని, పేదపేటనుండి వచ్చి పదుగురి కన్నులలో పడిన గాయకునకు ఆ గొలుసు తన గెలుపునకు సాక్ష్యము; ఆటయందలి ఈ నియమమున ఆ సామాజిక సత్యము ఇమిడి యున్నది. బస్టా రైమ్స్, ఫ్యాట్ జో, షాన్ పాల్, ఎగ్జిబిట్, ఐస్-టి, స్లిక్ రిక్, ఫ్లేవర్ ఫ్లేవ్, నటుడు డానీ ట్రేహో మొదలగువారు చేరుటచే, రెండు తరముల హిప్ హాప్ ఒక్క ఆటలో కొలువుదీరినట్లయ్యెను.

‘ది టేకోవర్’ 2006లో ప్లేస్టేషన్ పోర్టబుల్ కొరకు వచ్చినది; క్రొత్తదనము స్వల్పము.

2007 మార్చిలో ‘ఐకాన్’ వచ్చునప్పటికి నిర్మాతలు మారిరి. ఏకీ వారి స్థానమున ‘ఫైట్ నైట్’ అను బాక్సింగు ఆటను తీర్చిన ఈఏ షికాగో శాఖ నియుక్తమై, ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 యంత్రములకు దీనిని నిర్మించెను. వీరి ఆలోచన ధైర్యమైనది. పాటయొక్క తాళమునకు పరిసరములు స్పందించును. దరువు పడినపుడు పెట్రోలు బంకు మండును, భవనపు భాగములు అదరును. ఆటగాడు మీటలతో రికార్డును త్రిప్పునట్లు అభినయించి, దరువును తన చేతిలోనికి తెచ్చుకొని, శత్రువు నిలిచినచోట విస్ఫోటనము కల్పింపవచ్చును. కూల్ హెర్క్ చేతి విద్యను పోరాట నియమముగా మలచిన ఈ భావమునకు నేను నమస్కరింతును. కాని పట్టుల సంపద తీసివేయబడినది. దెబ్బలు బరువుగా, నెమ్మదిగా పడినవి. శైలుల వైవిధ్యము తగ్గినది. కథలో ఆటగాడు రికార్డు కంపెనీ అధికారిగా ధనమును వెచ్చించి పాటలను విడుదల చేయవలసి వచ్చుటయు పోరాటపు ఉత్సాహమును ఖండించెను. సంగీతమును లోనికి తెచ్చుటకై వారు కుస్తీని వెలికి పంపిరి. వెండెట్టాను ప్రేమించినవారు ఆశించినది ఈ రెంటి సంయోగమును. అదే సంవత్సరము నవంబరులో ఈఏ షికాగో మూయబడెను. 2010లో కొనామీ సంస్థ ప్రచురించిన ‘డెఫ్ జామ్ రాప్‌స్టార్’ పేరుకు ఈ కుటుంబమునకు చెందినదైనను, మైకు పట్టి పాడు ఆట. దానియందు పోరాటము లేదు.

ఈ ఆటలు నేటి యంత్రములకు పునర్ముద్రితము కాలేదు. అందు కనిపించు గాయకులు పదులసంఖ్య. ప్రతి ముఖమునకు, ప్రతి కంఠమునకు, ప్రతి పాటకు వేర్వేరు హక్కుదారులు కలరు. నాడు వ్రాసికొన్న ఒప్పందముల గడువులు తీరినవి. కొందరు కంపెనీని వీడిరి, కొందరు దివంగతులైరి. డీఎంఎక్స్ 2021 ఏప్రిల్ 9న కన్నుమూసెను. అందుచేత ఫైట్ ఫర్ న్యూయార్క్ పాత ప్రతులు ఇప్పుడు సంగ్రాహకుల నడుమ మొదటి వెలకు మించి చేతులు మారుచున్నవి. అయ్యును ఆ పట్టుల విద్య నశింపలేదు. ఏకీ సంస్థ 2007లో సిన్ సోఫియా అని పేరు మార్చుకొని, బాలికలకు దుస్తులలంకరించు ఆటలవైపు మరలినది గాని, ‘నో మెర్సీ’కి దర్శకుడైన హిదేయుకి ఇవాషితా 2023లో వెలువడిన ‘ఏఈడబ్ల్యూ: ఫైట్ ఫరెవర్’ అను కుస్తీ ఆట నిర్మాణమున పాల్గొనెను. యూక్స్ సంస్థ తీర్చిన ఆ ఆటయందు, నింటెండో 64 నాటి ఆ పట్టుల పద్ధతినే తిరిగి నెలకొల్పుటకు ప్రయత్నము జరిగెను.